పెరెజ్ అల్ఫాన్సో

దక్షిణ అమెరికాలోని వెనెజులా దేశమున భూగర్భములో ముడిచమురు సమృద్ధిగా కలదు. ఆ దేశపు రాజధానియగు కరాకస్ నగరమున 1903లో హువాన్ పాబ్లో పెరెజ్ అల్ఫాన్సో జన్మించెను.

ఆ కాలమున చమురు తోడునవి విదేశపు కంపెనీలు. ధర నిర్ణయించునవియు అవియే. న్యాయశాస్త్రము చదివిన అల్ఫాన్సో 1945లో మంత్రియై, కంపెనీల లాభములో సగము దేశమునకు దక్కవలెనని పట్టుపట్టి సాధించెను. 1948లో సైన్యము ప్రభుత్వమును కూలద్రోయగా ఆయన చెరసాల పాలై, పిదప ప్రవాసమునకు పోయెను. అచ్చట ఊరక కూర్చుండలేదు. అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రమున రైల్‌రోడ్ కమిషన్ అను సంస్థ కలదు. పేరు రైళ్ళదే గాని దాని ముఖ్యమైన పని చమురుదే! బావులనుండి తీయు చమురునకు హద్దు విధించి, ధర పడిపోకుండ అది కాపాడుచున్న విధమును ఆయన శ్రద్ధగా పరిశీలించెను.

1959లో ఆయన మరల మంత్రి యయ్యెను. 1960 ఆగస్టులో కంపెనీలు ఎవ్వరి నడుగకయే మధ్యప్రాచ్యపు చమురు ధరను తగ్గించినవి. పీపాకు తగ్గినది కొద్ది సెంట్లే. కాని పన్ను లెక్క ఆ ధరపైననే గనుక అచ్చటి రాజ్యముల బొక్కసములకు గండి పడెను. సౌదీ అరేబియా చమురు వ్యవహారముల అధికారి తరీకీతో అల్ఫాన్సో నెరపిన మైత్రి అప్పుడు ఫలించెను. సెప్టెంబరులో బాగ్దాదు నగరమున వెనెజులా, ఇరాను, ఇరాకు, కువైటు, సౌదీ అరేబియా కలిసి ఒపెక్ సంస్థను స్థాపించినవి.

1973 చివర కొద్ది నెలలలోనే ధర నాలుగింతలకు చేరెను. చమురు కొను దేశములు కలవరపడెను. ఫ్రాన్సు 1974లో అణువిద్యుత్కేంద్రములను విరివిగా కట్ట నిశ్చయించెను. వెనెజులాలోనో ధనము వరదవలె పారెను. అల్ఫాన్సో మాత్రము సంతోషింపలేదు. సులభముగా వచ్చిన సొమ్ము జనుల కష్టపడు అలవాటును చెరచునని ఆయన భయము. ఆయన తోటలో తుప్పుపట్టిన పాత కారొకటి యుండెడిది. చమురు సొమ్ము జాతి నెట్లు తినివేయునో చూపుటకై దాని నట్లే యుంచెను. 1979లో ఆయన మరణించెను.