కాలం చేసిన కళ్ళం

అల్లూరు ఆయకట్టులో కళ్ళం కాలం చేసింది. ఫలానా రోజున అని ఎవరూ రాసి పెట్టుకోలేదు. ఒక ఏడు సముద్రం వైపు పొలాల్లో కనిపించలేదు, మరుసటేడు చెరువు కింద కనిపించలేదు, ఆ తర్వాత ఏమైందని అడిగినవాళ్ళూ లేరు. ఊరందరి అన్నం తరతరాలుగా దాని ఒళ్ళోంచే వచ్చింది. అంతకు మించి, అక్షరం రాని మా పాలెం జనానికి బైబిలును విడమరిచి చెప్పింది కూడా అదే. అలాంటిదాన్ని ఒక్క మంచి మాటైనా అనకుండా సాగనంపడం మర్యాద కాదు.

దాని పుట్టుక ఏటేటా కొత్తగా జరిగేది. కోతలు దగ్గర పడగానే చేను పక్కన మెరక చూసుకుని, గడ్డి చెక్కి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొట్టి, పేడనీళ్ళతో అలికి ఆరబెట్టేవాళ్ళు. ఆరిన నేల అరిచేతికి నున్నగా తగిలేది. గింజ పడితే మట్టిలో దిగకూడదు, ఊడిస్తే మట్టి గింజలో కలవకూడదు. అంత గట్టిగా ఉండాలి. ఎండిన ఓదెలను కట్టలు కట్టి, తలల మీద మోసుకొచ్చి కుప్ప వేసేవాళ్ళు. నూర్పిడి రోజున కుప్ప విప్పి, పనలు పరిచి, ఎద్దులను బంతి కట్టి గుండ్రంగా తిప్పేవాళ్ళు. ఆ పశువుల జాతి ఓడలెక్కి బ్రెజిల్ దాకా పోయింది. అక్కడ ఈ రోజుకీ దాన్ని మా నెల్లూరు పేరుతోనే ‘నెలోరె’ అని పిలుస్తారు. ఇక్కడ మాత్రం ఎద్దుల జత చూడాలంటే పందేలు జరిగే చోటికి పోవాలి.

పెన్న కాలువల నీళ్ళు పారే నేల మాది. 1855లో నెల్లూరు దగ్గర ఆనకట్ట లేచింది. ఆ డెల్టాలో వరి మహారాజులా బతికింది. మొలగొలుకులు పండిన రోజుల్లో కుప్ప ఎత్తే వేరట, ఆ గడ్డి పొడవే వేరట. నేను ఎరిగిన కాలానికే ఆ వడ్లు తగ్గిపోయాయి. పెద్దవాళ్ళు మాత్రం వాటిని పోయిన చుట్టాన్ని తలచుకున్నట్టు తలచుకునేవాళ్ళు.

ఈ నేల మీదికే వాక్యం కూడా వచ్చింది. అమెరికన్ బాప్టిస్టు మిషను శామ్యూల్ డే దొరతో 1840లో నెల్లూరులో కుదురుకుంది. 1849లో లైమన్ జూయెట్ దొర వచ్చాడు. ఏళ్ళు గడిచినా సంఘం ఎదగలేదని, ఈ పని మూసేద్దామా అని 1853లో అమెరికాలోని పెద్దలు తర్జనభర్జన పడ్డారు. మూయలేదు. 1873లో అల్లూరు కూడా మిషను స్టేషను అయింది. ఆ తర్వాత 1876–78 కరువు. ఒంగోలులో ఉన్న జాన్ క్లౌ దొర కూలికి జనాన్ని పెట్టి బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళు తవ్వించాడు. మా ఊరికీ సముద్రానికీ మధ్య పోయే కాలువ కూడా అదే. కరువు తగ్గాక, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఇట్లా ప్రభువును నమ్ముకున్నవాళ్ళలో ఎక్కువమంది సెంటు భూమి లేనివాళ్ళు, ఓనమాలు రానివాళ్ళు. చదువు రానివాళ్ళ చేతికి అంత లావు పుస్తకం ఇచ్చి ఏం లాభం అని ఆనాడు ఎవరైనా అడిగి ఉంటే, జవాబు కళ్ళంలో దొరికేది.

ఆ పుస్తకం నిండా కళ్ళాలే. గిద్యోను గొర్రెబొచ్చు పరిచింది కళ్ళంలో. రాశి పక్కన కాపలా పడుకుని బోయజు అర్ధరాత్రి ఉలిక్కిపడి లేచింది కళ్ళంలో. దావీదు యెబూసీయుడి దగ్గర యాభై తులాల వెండికి కొన్నది కళ్ళాన్నే. ఊరికే తీసుకొమ్మని ఆ ఆసామి బతిమాలినా, వెల కట్టకుండా దేవుడికి ఏమీ అర్పించనని రాజు పట్టుబట్టాడు. సొలొమోను తన దేవాలయం కట్టించింది ఆ చోటనే. ఈ కథ చెప్పినప్పుడల్లా మా పాలెం పెద్దల నడుము కొంచెం నిటారు అయ్యేది. తాము అలికి, ఊడ్చి, పగలూ రాత్రీ కాపలా కాసే చోటు దేవుడి గుడికి పునాది అయిందంటే అది చిన్న సంగతి కాదు.

రూతు కథ అయితే ఎవరూ చెప్పాల్సిన పనే లేదు. కోత అయిన చేలో పరిగె ఏరుకునేది మా ముసలివాళ్ళూ పిల్లలే. కోసేవాళ్ళు తమవాళ్ళే గనక, వెనక విధవరాలు ఎవరైనా వంగి నడుస్తోందంటే పిడికిట్లోంచి నాలుగు కంకులు జారనిచ్చేవాళ్ళు. ఆసామి చూసీ చూడనట్టు ఊరుకునేవాడు. ఊరుకోని ఆసాములూ ఉన్నారు, వాళ్ళ పేర్లు పాలెంలో వేరే గొంతుతో పలికేవాళ్ళు. నా వరకు బోయజు అంటే పొలం గట్టున గొడుగు పట్టుకుని, కావాలనే అటు తిరిగి నిలబడ్డ ఒక పెద్దమనిషి. బొమ్మల బైబిల్లో గడ్డం పెంచుకున్న బోయజును తర్వాతెప్పుడో చూశాను గానీ నమ్మబుద్ధి కాలేదు.

కళ్ళం తొక్కే ఎద్దు మూతికి చిక్కం కట్టొద్దని మోషే ధర్మశాస్త్రంలో ఉంది. పౌలు ఆ మాటనే పట్టుకుని, పనివాడికి కూలి దక్కాలని వాదించాడు. మా పాలెం పెద్ద ఒకాయన దీన్ని పౌలు కంటే క్లుప్తంగా వాడేవాడు. కూలి గింజలు కొలిచేటప్పుడు ఆసామి చేయి ముడుచుకుంటోందని అనిపిస్తే, ఎద్దుల వైపు తిరిగి, “మన అయ్య మంచోడు, మీకు చిక్కాలు వేయలేదు గదరా” అనేవాడు. ఎద్దులు ఏమీ అనేవి కావు. ఆసామి మాత్రం కుంచాన్ని కాస్త నిండుగా ముంచేవాడు.

కళ్ళం మాది కాదు అన్న సంగతి దాచడం నాకు ఇష్టం లేదు. నేల ఆసామిది, రాశి ఆసామిది. మాకు దక్కింది కూలి, పరిగె, చివరికి ఊడ్చుకున్న మట్టిగింజలు. ఆదివారం పని చేయకూడదన్నది క్లౌ దొర తన సంఘాలకు పెట్టిన మూడు కట్టడల్లో ఒకటి. కోతలప్పుడు ఆ కట్టడ నిలుపుకోవడం ఎంత కష్టమో పాలెంలో అందరికీ తెలుసు. మబ్బు పట్టిందంటే ఆసామి కబురు పంపేవాడు. వెళ్ళినవాళ్ళు కుమిలేవాళ్ళు, వెళ్ళనివాళ్ళు మరునాడు పని దొరుకుతుందో లేదో అని కుమిలేవాళ్ళు. ఈ నిందలు వేటికీ కళ్ళం జవాబుదారీ కాదు. అది ఎవరి గింజనైనా ఒకే తీరుగా మోసింది. చాకలికి, వడ్రంగికి, కమ్మరికి మేర కొలిచి పోసింది కూడా దాని మీదే.

ఇక తూర్పారబట్టే పని చూడాలి. మధ్యాహ్నం తిరిగాక ఇసకపల్లి వైపు నుంచి పైరగాలి మొదలయ్యేది. ఒకరు మూడుకాళ్ళ పీట ఎక్కి నిలబడితే, ఇంకొకరు కింద నుంచి చేట నింపి అందించేవారు. పీట మీది మనిషి చేటను తల ఎత్తుకు లేపి, అంచు వంచి, చిన్నగా కుదుపుతూ జార్చేవాడు. గట్టిగింజ నిలువునా కాళ్ళ దగ్గర పడేది. అరగింజ మూరెడు అవతల, తాలు బారెడు అవతల. పొట్టూ ధూళీ గాలితోనే పోయేవి. కింద కూర్చున్న ఆడమనిషి పొరక కొసతో రాశి మీద తేలిన చెత్తను మెల్లగా అవతలికి నెట్టేది. ఆ పొరక గింజను తాకీ తాకనట్టు పోవాలి, లేకపోతే తాలుతో పాటు వడ్లూ పోతాయి. గాలి పడిపోతే పని ఆగిపోయేది. ఎంత పెద్ద ఆసామి అయినా చెట్టు కింద కూర్చుని ఆకుల వైపు చూడాల్సిందే. నికొదేముతో యేసు గాలి గురించి మాట్లాడిన సంగతి అక్కడ ఎవరికీ విడమరచి చెప్పే పని ఉండేది కాదు.

రాబోయేవాడి చేతిలో చేట ఉంది, గింజ కొట్లోకి, పొట్టు మంటలోకి అని బాప్తిస్మమిచ్చే యోహాను భయపెట్టాడు. మా అవ్వకు ఈ వాక్యంతో పేచీ. చదువు రాకపోయినా కళ్ళం లెక్క ఆమెకు బాగా తెలుసు. “మన కళ్ళంలో దేన్ని కాలుస్తాం నాయనా? తాలు బర్రెలు తింటాయి. పొట్టు పేడలో కలిపితే పిడకలవుతాయి. మట్టిలో పడ్డ నూకలకి కోళ్ళు కాసుకోనుండాయి. యోహానయ్య ఎడారిలో ఉన్నోడు గదా, కళ్ళం దగ్గర ఎక్కువ కూర్చోనుండడు” అనేది. రామాయపట్నం సెమినరీలో చదువుకొచ్చిన అయ్యగారు ఒకసారి ఈ మాట విని నవ్వారే గానీ కాదనలేదు. చెరసాలలో పడ్డాక యోహానుకే అనుమానం వచ్చి, వచ్చేవాడివి నువ్వేనా అని యేసు దగ్గరికి మనుషులను పంపాడు. యేసు మంట ఊసెత్తలేదు. గుడ్డివాళ్ళు చూస్తున్నారు, కుంటివాళ్ళు నడుస్తున్నారు, బీదలకు సువార్త అందుతోంది అని చెప్పి పంపాడు. ఆ భాగం చదివినప్పుడల్లా నాకు మా అవ్వే గెలిచినట్టు ఉంటుంది.

కళ్ళం రాత్రుల గురించి కూడా చెప్పాలి. రాశి మీద ముద్ర వేశాక కాపలాకు మావాళ్ళే ఉండేవాళ్ళు. పిల్లలం కూడా గడ్డిలో దూరి పడుకునేవాళ్ళం. లాంతరు వెలుగులో ఎవరో ఒకరు పురుషోత్తమ చౌదరి గారి కీర్తన ఎత్తుకునేవారు. పుస్తకం అక్కర్లేదు, చరణాలన్నీ నోటికే వచ్చు. ఆయన పోయింది 1890లో. పాటలు మాత్రం ఆ గడ్డివామి పక్కన మాతో పాటు మంచుకు తడిసేవి. తెల్లవారి కొలత మొదలుపెట్టే ముందు పెద్దాయన తలగుడ్డ తీసి రాశి ముందు చిన్న ప్రార్థన చేసేవాడు. ఆసామి తన ఆనవాయితీ ప్రకారం పొలి పూజ చేసుకునేవాడు. ఒకరిది అయ్యేదాకా ఇంకొకరు ఆగేవారు. తర్వాత కుంచం పట్టినవాడు మొదటి కొలతకు ‘లాభం’ అని గొంతెత్తేవాడు, కొలత సాగేది.

తిరిగి ఇళ్ళకు వచ్చిన గింజల్లోంచి ముందుగా దేవుడి భాగం తీసేవాళ్ళు. అన్నం వండే ప్రతిపూటా మా అమ్మ ఒక పిడికెడు బియ్యం వేరే ముంతలో వేసేది. ఆదివారం అది గుడికి పోయేది. ఏటా పంట పండుగ నాడు కొత్త వడ్లు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు గుడి ముందు చేరేవి. ఆరాధన అయ్యాక వేలంపాట. ఒక కోడి పుంజు ఎవరి ఇంటి నుంచి వచ్చిందో, ఎక్కువ పాటకు మళ్ళీ ఆ ఇంటికే చేరిన సందర్భాలూ ఉన్నాయి.

దాని క్షీణదశ గురించి ఎక్కువ చెప్పను. 1966లో ఐ.ఆర్.8 వచ్చాక పొట్టి రకాలు పొలాల్లోకి దిగాయి. కుప్ప ఎత్తు తగ్గింది. ఎద్దుల బదులు ట్రాక్టరు తిరిగింది. కళ్ళం అన్నీ ఓర్చుకుంది, టైరు కింద కూడా గింజను కాచింది. తూర్పున పొలాలు రొయ్యల గుంటలయ్యాయి. తీరంలో రొయ్యల సాగు మీద 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు గట్టి తీర్పే ఇచ్చింది గానీ ఉప్పునీళ్ళు చూసిన నేల మళ్ళీ వరికి తిరిగి రావడం అంత తేలిక కాదు. చివరికి కోత మిషను వచ్చింది. కోసేదీ అదే, నూర్చేదీ అదే, తన కడుపులో ఫ్యాను పెట్టుకుని తూర్పారబట్టేదీ అదే. చేను గట్టు మీదే వడ్లు ట్రాక్టరు ట్రక్కులో పడుతున్నాయి. దాన్ని తిట్టడానికి నాకు మనసొప్పదు. నడుములు విరిగేలా వంగి కోసిన మా అమ్మలాంటివాళ్ళు దాన్ని చూసి, “ఇది ముందే వచ్చుంటే బాగుండేది” అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. ఆ న్యాయం ముందు కళ్ళం కూడా ఎదురు చెప్పలేదు, నిశ్శబ్దంగా పక్కకు తప్పుకుంది.

వడ్లు ఇప్పుడు తారురోడ్డు మీద ఎండుతున్నాయి. ధర మాత్రం నెల్లూరులో ఇంకా పుట్టి లెక్కనే చెబుతారు, పుట్టికి 850 కిలోలు. పంట పండుగ కూడా ఆగలేదు. వడ్ల బదులు కవర్లలో డబ్బు వస్తోంది, సంచుల్లో సోనా మసూరి వస్తోంది, గుమ్మడికాయ ఎవరో ఒకరు తెస్తూనే ఉన్నారు. కళ్ళం దగ్గర గింజ ఏరుకున్నవాళ్ళ పిల్లలు నర్సులయ్యారు, టీచర్లయ్యారు, కొందరు దేశాలు దాటారు. పరిగె ఏరే పని ఇవాళ పాలెంలో ఎవరికీ లేదు. ఇందుకు దేవుడికి స్తోత్రమే గానీ విచారం ఎందుకు? పోయినదాన్ని తలచుకోవడానికి, మళ్ళీ రమ్మని పిలవడానికి తేడా ఉంది.

మొన్నటి పంట పండుగకు సండే స్కూలు పిల్లలకు యోహాను వాక్యమే పాఠం. టీచరమ్మ తన ఫోనులో ఎక్కడిదో కళ్ళం వీడియో పెట్టి చూపించింది. ఒక పిల్లాడు చేట పట్టుకున్న మనిషిని చాలాసేపు చూసి, “గాలి రాకపోతే ఎట్టా అక్కా?” అన్నాడు. ఆ అమ్మాయికి తెలియలేదు, వెనక బెంచీలో ఉన్న పెద్దాయన వైపు చూసింది. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, “ఎట్టా ఏముందిరా, కూర్చునేవోళ్ళం. మీ తాత ఆ కాసేపట్లోనే ఒక కునుకు తీసేవోడు. ఆసామి కేకలేస్తే, ‘నాకు కాదయ్యా, గాలికి చెప్పండి’ అని మళ్ళా అటు తిరిగి పడుకునేవోడు” అన్నాడు.