స్టేడియానికి ఆయన పేరు.. జట్టుకు ఊరే యజమాని

అమెరికాలో ఎన్ఎఫ్ఎల్ జట్టు ఉందంటే దాని వెనుక ఒక కోటీశ్వరుడో, ఒక కుటుంబమో ఉంటుంది. స్టేడియం పాతబడింది, కొత్తది కట్టించండి అని యజమాని నగరాన్ని అడుగుతాడు. కుదరదంటే జట్టును తీసుకుని ఇంకో ఊరికి వెళ్లిపోతాడు. క్లీవ్‌లాండ్ జట్టు 1996లో బాల్టిమోర్‌కు వెళ్లింది. శాన్ డియాగో జట్టు 2017లో లాస్ ఏంజెలిస్‌కు, ఓక్లండ్ జట్టు 2020లో లాస్ వేగాస్‌కు తరలిపోయాయి. ఇవన్నీ పెద్ద నగరాలే.

విస్కాన్సిన్‌లోని గ్రీన్ బే జనాభా మాత్రం లక్ష దాటి కొద్ది వేలు. మన దగ్గర అయితే ఓ మోస్తరు పట్టణం. చలికాలంలో గడ్డకట్టే ఆ ఊళ్లో 80 వేల మందికి పైగా కూర్చునే స్టేడియం ఉంది. అందులో ఆడే ప్యాకర్స్ జట్టు నూరేళ్లు దాటినా ఊరు విడిచి వెళ్లలేదు. వెళ్లలేదు కూడా. దాని యజమానులు 5 లక్షల మందికి పైగా ఉన్న సామాన్య వాటాదారులు. షికాగో, మిల్వాకీ, మినియాపోలిస్ ప్రాంతాల్లో ఉండే మన తెలుగు పిల్లలు ఆకుపచ్చ, పసుపు జెర్సీలు వేసుకుని లాంబో ఫీల్డ్ అంటూ చెప్పే స్టేడియం ఇదే.

ఆ పేరు గల మనిషి కథ అనుకున్నంత సాఫీగా ఉండదు. జట్టును పుట్టించింది ఆయనే. ముప్పై ఏళ్ల తర్వాత దాన్ని ఊరి చేతుల్లోంచి తప్పించాలని చూసిందీ ఆయనే.

ఎర్ల్ లాంబో 1898 ఏప్రిల్ 9న గ్రీన్ బేలోనే పుట్టారు. బెల్జియం నుంచి వలస వచ్చిన కుటుంబం. తండ్రి భవన నిర్మాణ కాంట్రాక్టర్. ఉంగరాల జుట్టు వల్ల అందరూ కర్లీ అని పిలిచేవారు. స్థానిక ఈస్ట్ హైస్కూల్‌లో ఫుట్‌బాల్ హీరో. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో ఆడే సాకర్ కాదు, చేత్తో బంతి విసురుతూ, పట్టుకుని పరుగెత్తే అమెరికన్ ఆట. 1918లో నోటర్‌డామ్ యూనివర్సిటీలో చేరి, తర్వాతి రోజుల్లో దేశమంతా పేరు మోగిన కోచ్ నూట్ రాక్నీ దగ్గర ఒక సీజన్ ఆడారు. టాన్సిల్స్ జబ్బుతో ఇంటికి వచ్చిన కుర్రాడు మళ్లీ కాలేజీకి వెళ్లలేదు. ఇండియన్ ప్యాకింగ్ కంపెనీలో షిప్పింగ్ గుమస్తాగా చేరారు. నెలకు 250 డాలర్ల జీతం ఆ రోజుల్లో మంచి మొత్తమే. మాంసాన్ని డబ్బాల్లో నింపి అమ్మే ఆ కంపెనీ పేరులోని ఇండియన్‌కు మన దేశంతో ఏ సంబంధమూ లేదు.

ఉద్యోగం దొరికినా ఆట మీద మనసు పోలేదు. 1919 ఆగస్టు 11న స్థానిక దినపత్రిక ప్రెస్-గెజెట్ కార్యాలయంలో, ఆ పత్రిక క్రీడా సంపాదకుడు జార్జ్ విట్నీ కాల్హూన్‌తో కలిసి సమావేశం పెట్టి జట్టును ఏర్పాటు చేశారు. జెర్సీల కోసం కంపెనీ 500 డాలర్లు ఇచ్చింది. అందుకే జట్టుకు ప్యాకర్స్ అన్న పేరు. ఆడింది కంచె కూడా లేని మైదానంలో. టికెట్లు ఎక్కడ? ఆట మధ్యలో టోపీ తిప్పితే జనం తోచింది వేసేవారు. ఆ ఏడాది పదకొండు ఆటల్లో పది గెలిచారు. చివరికి లెక్క చూసుకుంటే ఒక్కో ఆటగాడికి దక్కింది 16 డాలర్ల 75 సెంట్లు.

1921లో జట్టు జాతీయ లీగ్‌లో చేరింది. ఆ సీజన్ చివర్లో కాలేజీ కుర్రాళ్లను మారుపేర్లతో ఆడించారు. అది బయటపడి లీగ్ గ్రీన్ బే సభ్యత్వాన్ని రద్దు చేసింది. 1922లో లాంబో పరుగులు పెట్టి సభ్యత్వాన్ని మళ్లీ, ఈసారి తన పేరు మీద తెచ్చుకున్నారు. ఖర్చులకు చేతిలో డబ్బు లేకపోతే ఒక మిత్రుడు కారు అమ్మి ఇచ్చాడని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో, కాలక్రమంలో పెరిగిన కథో గానీ, అప్పటి ఆర్థిక పరిస్థితికి అది అతికినట్టే ఉంటుంది.

అసలు కష్టం ఆ ఏడాదే మొదలైంది. ఆట రోజుల్లో వానలు పడ్డాయి. వానకు బీమా చేయించారు కానీ, పరిహారం రావాల్సినంత వాన కురవడానికి అంగుళంలో నూరో వంతు తక్కువైందని బీమా సంస్థ పైసా ఇవ్వలేదు. జట్టు మూసేయాల్సిన స్థితి. అప్పుడు ప్రెస్-గెజెట్ వ్యాపార వ్యవహారాలు చూసే ఆండ్రూ టర్న్‌బుల్ అడ్డుపడ్డారు. ఆట ఆపొద్దు, ఊరి వ్యాపారులను నేను కూడగడతానన్నారు.

అలా 1923 ఆగస్టులో గ్రీన్ బే ఫుట్‌బాల్ కార్పొరేషన్ పుట్టింది. ఒక్కోటి 5 డాలర్ల చొప్పున వెయ్యి షేర్లు. మన ఊళ్లలో సహకార సంఘానికి వాటాధనం కట్టినట్టే. అయితే ఇక్కడ వాటాదారుకు లాభం పంచరు. పైగా అప్పట్లో సీజన్ టికెట్లు కూడా కొనాల్సి వచ్చేది. ఇంకో షరతు కూడా ఉంది. ఎప్పుడైనా జట్టును అమ్మేస్తే, వచ్చిన సొమ్ము సైనికుల స్మారకం కోసం స్థానిక అమెరికన్ లీజియన్ శాఖకు పోవాలి తప్ప వాటాదారుల జేబుల్లోకి రాకూడదని అప్పుడు రాసుకున్నారు. అమ్ముకుంటే ఎవరికీ ఏమీ మిగలదు కాబట్టి అమ్మాలన్న ఆశ ఎవరికీ పుట్టదు. అప్పట్లో ఈ షరతును ఎవరూ పెద్దగా పట్టించుకుని ఉండరు. పాతికేళ్ల తర్వాత దాని విలువ తెలిసింది.

లాంబో, లీ జోయానెస్, టర్న్‌బుల్, లాయర్ గెరాల్డ్ క్లిఫర్డ్, డాక్టర్ వెబర్ కెల్లీ.. ఈ ఐదుగురినీ ఊళ్లో ఆకలి పంచకం అనే అర్థం వచ్చేలా పిలిచేవారు. ఎప్పుడూ జట్టు కోసం చేయి చాచేవారు కాబట్టి ఆ పేరు.

మైదానంలో మాత్రం లాంబోకు ఎదురులేదు. 1929 వరకు తానే ఆడుతూ, కోచ్‌గానూ ఉన్నారు. మిగతా జట్లు బంతి పట్టుకుని తోసుకుంటూ వెళ్తుంటే, ఆయన దాన్ని గాల్లోకి విసిరి ఆడించారు. 1929, 1930, 1931లో వరసగా మూడు టైటిళ్లు. తర్వాత 1936, 1939, 1944లో ఇంకో మూడు. 1935లో వచ్చిన డాన్ హట్సన్ బంతి అందుకోవడంలో ఆ తరంలో సాటిలేని ఆటగాడు. లీగ్ మొదలైన రోజుల్లో క్యాంటన్, రాక్ ఐలాండ్, డులూత్, పాట్స్‌విల్ లాంటి చిన్న ఊళ్ల జట్లు ఎన్నో ఉండేవి. ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. పోర్ట్స్‌మత్ జట్టు 1934లో డెట్రాయిట్‌కు పోయింది. చివరికి మిగిలిన చిన్న ఊరు గ్రీన్ బే ఒక్కటే.

అదీ తేలిగ్గా మిగల్లేదు. 1925లో ఈస్ట్ హైస్కూల్ వెనుక సిటీ స్టేడియం కట్టారు. చెక్క గ్యాలరీలు. 1931లో ఒక ప్రేక్షకుడు వాటి మీంచి పడి గాయపడి దావా వేశాడు. కోర్టు 5 వేల డాలర్లు ఇమ్మంది. అప్పటికి బీమా సంస్థ మునిగిపోయింది. దేశమంతా ఆర్థిక మాంద్యం. 1933లో జట్టు రిసీవర్ చేతుల్లోకి వెళ్లింది. మళ్లీ ఊరే 15 వేల డాలర్లు పోగుచేసి 1935లో కొత్త సంస్థగా నిలబెట్టింది. అదనపు రాబడి కోసం 1933 నుంచి కొన్ని ఆటలు మిల్వాకీలో ఆడటం మొదలుపెట్టారు. ఆ పద్ధతి 1994 వరకు సాగింది.

గెలుపులతో పాటు లాంబో తీరూ మారింది. ఖరీదైన సూట్లు, హాలీవుడ్ స్నేహాలు, చలికాలమంతా కాలిఫోర్నియాలో మకాం. మూడు పెళ్లిళ్లు. క్యాథలిక్కులు ఎక్కువగా ఉన్న చిన్న ఊళ్లో ఇవన్నీ గుసగుసలయ్యాయి. అంతకంటే పాత మిత్రులతో తెగిన బంధం ఎక్కువ నష్టం చేసింది. 1947లో కాల్హూన్‌ను ప్రచార బాధ్యతల నుంచి తప్పించారు. ఆ సంగతి కాల్హూన్‌కు టెలిప్రింటర్ వార్తలో చదివితే గానీ తెలియలేదట! డాక్టర్ కెల్లీ దూరమయ్యారు. లాయర్ క్లిఫర్డ్ పాలకవర్గంలో ప్రత్యర్థిగా నిలబడ్డారు.

1946లో పోటీ లీగ్ రావడంతో ఆటగాళ్ల జీతాలు ఒక్కసారిగా పెరిగాయి. పెద్ద నగరాల జట్లు తట్టుకున్నాయి, గ్రీన్ బేకు ఊపిరాడలేదు. అదే సమయంలో లాంబో పట్టుబట్టి ఊరికి ఉత్తరాన అఖాతం ఒడ్డున రాక్‌వుడ్ లాడ్జ్ అనే పెద్ద బంగ్లాను 32 వేల డాలర్లకు కొనిపించారు. ఆటగాళ్లంతా అక్కడే ఉండి శిక్షణ పొందాలని ఆయన ఆలోచన. ఇప్పుడు ప్రతి జట్టుకూ అలాంటి ఏర్పాట్లున్నాయి కాబట్టి ఆలోచన తప్పని అనలేం. కానీ నేల కింద సున్నపురాయి, ఆటగాళ్ల మోకాళ్లకు నొప్పులు. ఊరి జనానికి ప్రాక్టీసు చూసే వీలు పోయింది. డబ్బు మాత్రం ధారాళంగా కారింది.

1949లో జట్టు పన్నెండు ఆటల్లో రెండే గెలిచింది. మొదటి ఆట తర్వాత శిక్షణ బాధ్యత సహాయకులకు వదిలేసి లాంబో ఆఫీసులో కూర్చున్నారు. థాంక్స్‌గివింగ్ రోజున ఆటగాళ్లనే రెండు జట్లుగా చేసి ఆడించి, పాత వీరులను పిలిపించి, దాదాపు 50 వేల డాలర్లు పోగుచేస్తే తప్ప సీజన్ గట్టెక్కలేదు.

అప్పుడే లాంబో తన ప్రతిపాదన బయటపెట్టారు. పెట్టుబడిదారులు సిద్ధంగా ఉన్నారు, 2 లక్షల డాలర్లు తెస్తారు. అయితే లాభాపేక్ష లేని సంస్థ అన్న పద్ధతి తీసేయాలి. వ్యాపార లెక్కల్లో చూస్తే ఇది పిచ్చి ఆలోచనేమీ కాదు. లీగ్‌లోని మిగతా జట్లన్నీ అలాగే నడిచేవి. చేతిలో డబ్బు లేని ఊరు ఎన్నాళ్లు నెట్టుకొస్తుందన్న ఆయన భయమూ న్యాయమైనదే. కానీ లాభం కోరి వచ్చినవాళ్లు లాభం ఎక్కడ ఎక్కువుంటే అక్కడికి జట్టును తీసుకెళ్లరన్న భరోసా ఎవరిస్తారు? పాలకవర్గం ఒప్పుకోలేదు. ఆయనకు కొత్త కాంట్రాక్టు ఇవ్వడానికి మెజారిటీ ఓటు వేశారు గానీ, జట్టును ఇవ్వడానికి మాత్రం ససేమిరా అన్నారు. ఆ కాంట్రాక్టుపై ఆయన సంతకం పెట్టలేదు.

1950 జనవరి 24న రాక్‌వుడ్ లాడ్జ్ కాలిపోయింది. విచిత్రంగా దాని బీమా సొమ్ము జట్టుకు ఊపిరి పోసింది. వారం తిరక్కుండానే లాంబో రాజీనామా చేసి షికాగో కార్డినల్స్‌కు వెళ్లిపోయారు. ఆ ఏడాదే గ్రీన్ బే 25 డాలర్ల చొప్పున కొత్త షేర్లు అమ్మింది. ఒక్కరి చేతిలో 200 షేర్లకు మించి ఉండకూడదని నిబంధన పెట్టారు. పల్లె నుంచి వచ్చిన ఒక మహిళ 25 డాలర్లనూ క్వార్టర్ నాణేలుగానే తెచ్చి ఇచ్చిందని చెబుతారు. లక్ష డాలర్లకు పైగా వచ్చాయి.

లాంబోకు బయట కలిసి రాలేదు. కార్డినల్స్‌లో రెండు సీజన్లు, వాషింగ్టన్‌లో రెండు సీజన్లు, అంతే. 1954లో యజమానితో గొడవపడి ఉద్యోగం పోయాక మళ్లీ ఎన్ఎఫ్ఎల్ జట్టుకు కోచ్ కాలేదు. అడిగిన వెంటనే జీతగాడిని తీసేయగల ఒకే ఒక్క యజమాని కింద పనిచేయడం ఎలా ఉంటుందో, 31 ఏళ్లు ఊరి కింద పనిచేసిన మనిషికి అప్పుడే తెలిసింది.

ఇటు గ్రీన్ బేలో స్టేడియం సమస్య ముదిరింది. సిటీ స్టేడియంలో 25 వేల సీట్లే. మన ఆటగాళ్లు హైస్కూల్ గదుల్లో, ఎదుటి జట్టువాళ్లు హోటల్లో బట్టలు మార్చుకునేవారు. మిల్వాకీలో 1953లో కొత్త స్టేడియం వచ్చింది. గ్రీన్ బే కొత్తది కట్టకపోతే జట్టు మిల్వాకీకి పోవాల్సిందేనని లీగ్ వైపు నుంచి ఒత్తిడి. 1956 ఏప్రిల్ 3న 9 లక్షల 60 వేల డాలర్ల బాండ్లపై నగర ప్రజలు ఓటేశారు. మైదానంలో బద్ధ శత్రువైన షికాగో బేర్స్ యజమాని జార్జ్ హాలస్ స్వయంగా వచ్చి, స్టేడియం కట్టుకోండని ప్రచారం చేశారు. ఒకటికి రెండు మించిన మెజారిటీతో ఓటింగ్ నెగ్గింది. 1957 సెప్టెంబర్ 29న కొత్త సిటీ స్టేడియం తెరుచుకుంది. ఆ రోజు ప్యాకర్స్ 21-17తో ఓడించింది హాలస్ జట్టునే!

1961 తర్వాత టీవీ హక్కుల సొమ్మును లీగ్‌లోని జట్లన్నీ సమానంగా పంచుకోవడం మొదలైంది. న్యూయార్క్‌కు ఎంతో గ్రీన్ బేకూ అంతే. లాంబో భయపడిన డబ్బు కొరత చాలావరకు అక్కడ తీరింది. 1949లో ఊరు అమ్మేసి ఉంటే ఆ రోజు చూసేదా అన్నది నాకు సందేహమే.

1963లో ప్రో ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేరిన తొలి 17 మందిలో లాంబో ఒకరు. 1965 జూన్ 1న విస్కాన్సిన్‌లోని స్టర్జన్ బేలో గుండెపోటుతో కన్నుమూశారు. 67 ఏళ్లు. అదే ఏడాది స్టేడియానికి ఆయన పేరు పెట్టారు. అప్పటి కోచ్ విన్స్ లొంబార్డీకి అది అంతగా రుచించలేదని చెబుతారు.

2000లో స్టేడియం విస్తరణకు బ్రౌన్ కౌంటీ ఓటర్లు అర శాతం అమ్మకపు పన్నుకు ఒప్పుకున్నారు. ఈసారి మెజారిటీ స్వల్పమే. 29 కోట్ల 50 లక్షల డాలర్ల పని 2003లో పూర్తయింది. పన్ను 2015లో ఆగింది. 1997, 2011, 2021లలో మళ్లీ షేర్లు అమ్మారు. చివరిసారి ధర 300 డాలర్లు. కొన్నవాళ్లకు డివిడెండ్ రాదు, బయట అమ్ముకోలేరు, కుటుంబ సభ్యులకు మాత్రం బదిలీ చేయొచ్చు. ఇక మరో జట్టు ఇలా నడవడానికి లీగ్ నిబంధనలు ఒప్పుకోవు.

ప్రస్తుతం షేర్ల అమ్మకం లేదు. ఇప్పటికే కొన్నవాళ్లకు ఏటా వేసవిలో వాటాదారుల సమావేశానికి పిలుపు వస్తుంది. సమావేశం జరిగేది లాంబో ఫీల్డ్‌లోనే. లీగ్‌లో ఏటా తన జమాఖర్చులు బయటపెట్టే జట్టు ఇదొక్కటే. ఆ లెక్కలు వినడానికి వెళ్లేవాళ్లకు బయట లొంబార్డీ విగ్రహంతో పాటు లాంబో విగ్రహం కూడా కనిపిస్తుంది.