యుద్ధం వద్దన్న మాస్టారు... యుద్ధకాలపు రాష్ట్రపతి

తిరుత్తణి: సెప్టెంబరు 5 వచ్చిందంటే చాలు... సరిహద్దుకు అటూ ఇటూ ఉన్న బడులన్నింటిలో సర్వేపల్లి రాధాకృష్ణన్ ఫొటోకు దండ పడుతుంది. గొప్ప గురువనీ, తత్వవేత్త అనీ పిల్లలు మైకులో అప్పజెబుతారు. యుద్ధం గురించి ఆయన ఏమనుకున్నారు, తాను రాష్ట్రపతిగా ఉండగానే సొంత ప్రభుత్వాన్ని ఎందుకు తప్పుబట్టారు... ఈ సంగతులు మాత్రం ఆ ఉపన్యాసాల్లో వినపడవు. ఆయన పుట్టినరోజున ఉపాధ్యాయ దినోత్సవం జరపడం మొదలైంది 1962లో. చైనాతో యుద్ధం వచ్చిందీ ఆ ఏడే.

1888లో తిరుత్తణిలో పుట్టారు. ఇంటిపేరు నెల్లూరు జిల్లా సర్వేపల్లిది, ఇంట్లో మాట తెలుగు. తండ్రి వీరాస్వామి జమీందారు దగ్గర చిన్న ఉద్యోగి. అప్పట్లో ఈ ఊరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. తర్వాత చిత్తూరు జిల్లాలోకి వచ్చింది. తిరుత్తణి మాదంటే మాదని తగాదా ముదిరి, మ.పొ.శి. లాంటి తమిళ నాయకులు ఉద్యమం నడిపారు. చివరికి 1960 ఏప్రిల్ 1న ఊరు మద్రాసు రాష్ట్రానికి వెళ్లింది, సత్యవేడు ప్రాంతం ఆంధ్రకు వచ్చింది. అప్పుడు దేశానికి ఉపరాష్ట్రపతి ఈ ఊరి బిడ్డే! 1997 నుంచి తిరుత్తణి తిరువళ్లూరు జిల్లాలో ఉంది.

తిరుపతి, వేలూరు మిషన్ విద్యాలయాల్లో, మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదువుకుని 1909లో ప్రెసిడెన్సీ కాలేజీలో చేరారు. 1914 సెప్టెంబరులో ఎమ్డెన్ అనే జర్మన్ యుద్ధనౌక మద్రాసు రేవు మీద గుళ్లు కురిపించింది. (గట్టివాణ్ని ‘ఎమ్డన్’ అనడం తమిళంలో అప్పటినుంచే.) ఎక్కడో యూరప్‌లో రాజులు కొట్టుకుంటే మద్రాసులో చమురు ట్యాంకులు తగలబడ్డాయి. మరుసటి ఏడాదే, 1915లో, ఈ కుర్ర లెక్చరర్ ఆ యుద్ధం భారతీయుడి కంటికి ఎలా కనిపిస్తోందో వివరిస్తూ లండన్ పత్రికకు వ్యాసం రాశారు.

ఆ తర్వాత ఆయన ఉద్యోగాల చిట్టా చాలా పెద్దది. మైసూరు, కలకత్తా, వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయం, ఆక్స్‌ఫర్డ్... అవన్నీ అందరికీ తెలిసినవే. నానాజాతి సమితి మేధావుల సంఘంలోనూ కూర్చున్నారు. దేశాలు ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే యుద్ధాలు ఆగుతాయన్న ఆశ 1939లో ఎలా కూలిపోయిందో దగ్గర నుంచి చూశారు.

కాశీలో రక్షణ

జైలుకు వెళ్లిన నాయకుడు కాదాయన. పైగా 1931లో బ్రిటిష్ వారి నుంచి ‘సర్’ బిరుదు తీసుకున్నారు. దాన్ని ఎత్తిచూపేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అయితే 1942లో కాశీలో ఏం జరిగిందో కూడా చెప్పుకోవాలి. అప్పుడాయన బెనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. క్విట్ ఇండియా ఉద్యమంలో విద్యార్థులు దూకడంతో గవర్నర్ హాలెట్‌కు కోపమొచ్చింది. విశ్వవిద్యాలయాన్ని యుద్ధ ఆసుపత్రిగా మార్చేస్తామన్నారు. రాధాకృష్ణన్ హుటాహుటిన ఢిల్లీ వెళ్లి వైస్రాయ్‌కి నచ్చజెప్పి ఆ పని ఆపించారు. సర్కారు గ్రాంటు ఆపేస్తే ఊరూరా తిరిగి విరాళాలు పోగుచేశారు.

ఆ ఏడాదే కలకత్తా, కాశీల్లో ఆయన చేసిన ప్రసంగాలు తర్వాత పుస్తకంగా వచ్చాయి. అందులో ఒక అధ్యాయం యుద్ధం, అహింస గురించే. గాంధీజీ అంటే ఆయనకు ఎనలేని గౌరవం. అయినా ఏ పరిస్థితిలోనూ ఆయుధం పట్టకూడదని ఆయన అనలేదు. అహింసే గమ్యం, కానీ లోకం ఇంకా అక్కడికి చేరలేదు కాబట్టి న్యాయానికి లోబడిన బలం ఒక్కోసారి తప్పదన్నారు. గీతలో కృష్ణుడు యుద్ధం చేయమన్నాడు కదా అని ఎవరైనా అంటే, యుద్ధం అక్కడ బోధకు ఒక సందర్భం మాత్రమేనని, యుద్ధాన్ని సమర్థించినట్టు కాదని తన వ్యాఖ్యానంలో రాశారు.

1949 నుంచి 1952 దాకా మాస్కోలో రాయబారి. కళింగ యుద్ధం గెలిచాక కత్తి దించిన అశోకుడి కథను స్టాలిన్‌కు గుర్తుచేశారని చెబుతారు. అంతటి మనిషి దగ్గర ఆ మాట ఎత్తడానికి గుండె ధైర్యం ఉండాలి మరి! బెర్లిన్ గోడ లేచిన 1961లోనే జర్మన్ పుస్తక ప్రచురణకర్తల శాంతి బహుమతి ఆయనకు దక్కింది.

ఎమర్జెన్సీ సంతకం

1962 మే 13న రాష్ట్రపతి అయ్యారు. అయిదు నెలలు తిరిగేసరికి చైనా సేనలు హిమాలయాలు దాటి వచ్చాయి. శాంతి బహుమతి అందుకున్న చేత్తోనే అక్టోబరు 26న ఎమర్జెన్సీ ప్రకటించారు. తన పదవీకాలం ముగిసేదాకా దేశం ఆ ఎమర్జెన్సీలోనే ఉండిపోయింది.

సంతకం పెట్టి ఊరుకోలేదు. శత్రువును గుడ్డిగా నమ్మడం, సరిహద్దు కాపలాలో అశ్రద్ధ... ఈ రెండూ మన తప్పులేనని బాహాటంగా అన్నారు. ప్రధాని నెహ్రూ పాత మిత్రుడు, ఉపరాష్ట్రపతి పదవికి తెచ్చింది కూడా ఆయనే. అయినా రక్షణ మంత్రి కృష్ణమేనన్ వెళ్లిపోవాలన్న పక్షానే నిలిచారు. పిల్లవాడు లెక్క తప్పితే మాస్టారు దిద్దుతారు కదా, అలాగే దిద్దారు. 1965లో పాకిస్థాన్‌తో యుద్ధం కూడా ఆయన హయాంలోనే.

అదే 1965లో, ఏప్రిల్ 24న, వియత్నాం గురించి ఒక ప్రతిపాదన చేశారు. ఉత్తర, దక్షిణ భాగాలు రెండింటిలోనూ పోరు ఆపాలి, సరిహద్దులకు ఆసియా, ఆఫ్రికా దేశాల బలగాలను కాపలా పెట్టాలి, అక్కడి ప్రజలు కోరినంత కాలం ఆ హద్దులు కదపకూడదు. హనోయ్, పెకింగ్ ఒప్పుకోలేదు. ప్రతిపాదన అక్కడితో ఆగింది, బాంబులు ఆగలేదు.

పదవి దిగే ముందు 1967 గణతంత్ర దినోత్సవ సందేశంలో పాలనలో అసమర్థతను, వనరుల దుర్వినియోగాన్ని మొహమాటం లేకుండా ఎండగట్టారు. ఢిల్లీ పెద్దలకు అది మింగుడుపడలేదు.

మేలో మద్రాసు తిరిగొచ్చి మైలాపూర్ ఇంట్లో ఉన్నారు. 1975 ఏప్రిల్ 17న కన్నుమూశారు. సరిగ్గా పదమూడు రోజులకు, ఏప్రిల్ 30న, సైగాన్ పడిపోయి వియత్నాం యుద్ధం ముగిసింది.