టెన్సింగ్ నార్గే - శిఖరమునకు ముందటి తపస్సు

మహాభారతమున అర్జునుడు యుద్ధమునకు ఎంతో ముందే హిమవత్పర్వతమునకేగి, తపమొనర్చి, పాశుపతమును పడసెను. జయము రణభూమియందు కనబడును గాని దాని మూలము అంతకు పూర్వమే, ఎవరును చూడని చోట పడియుండును. ఈ సత్యమునకు ఇటీవలి నిదర్శనము షేర్పా టెన్సింగ్ నార్గే జీవితము.

టెన్సింగ్ 1914వ సంవత్సరమున జన్మించెను. ఎవరెస్టు సమీపమున నేపాళదేశపు ఖుంబూ సీమలోని థామే గ్రామమున పెరిగెను. పెద్దలు సన్న్యాసిని చేయదలచి తెంగ్‌బోచే బౌద్ధవిహారమునకు పంపిరి గాని బాలుడచట నిలువక మరలివచ్చెను. 1932లో డార్జిలింగు చేరి, పర్వతారోహకుల బరువులు మోయు వృత్తి నవలంబించెను. ఎరిక్ షిప్టన్ నాయకత్వమున 1935లో సాగిన బృందముతో తొలిసారి ఎవరెస్టు దిక్కునకు నడచెను. పిదప 1936, 1938, 1947 సంవత్సరములలో ఒక్కొక్క పర్యాయము, 1952లో రెండు పర్యాయములు యత్నించెను. 1952 మే మాసమున స్విట్జర్లాండు దేశీయుడగు రేమండ్ లాంబర్టుతో కలసి సుమారు 28,200 అడుగుల ఎత్తునకేగి, శిఖరము కన్నులయెదుటనే యుండగా వెనుదిరుగవలసి వచ్చెను. ఆ శరత్కాలపు యాత్రయు విఫలమయ్యెను. పైగా మలేరియా సోకి పాట్నా వైద్యశాలలో మంచము పట్టెను.

అంతలో జాన్ హంట్ నాయకత్వమున 1953లో బయలుదేరనున్న బ్రిటిషు బృందమునుండి పిలుపు వచ్చెను. దేహమా కృశించియున్నది, కాలమా స్వల్పము. టెన్సింగ్ వేకువనే లేచి, సంచిని రాళ్లతో నింపి వీపున వేసికొని, డార్జిలింగు చుట్టుప్రక్కల కొండలెక్కి దిగుచుండెను. ఎవరికిని చేర్చనక్కరలేని ఆ రాళ్లమోతయే ఆయన తపస్సు.

కండబలముండిన చాలదా యని చదువరులు శంకింపవచ్చును. చాలదు. 18,000 అడుగుల ఎత్తున వాయుపీడనము సముద్రతీరమున నుండుదానిలో సగము మాత్రమే; ఎవరెస్టు శిఖరమున మూడవవంతు. మైదానమునుండి హఠాత్తుగా అంత ఎత్తునకు చేరినవాడు, ఎంతటి బలాఢ్యుడైనను, కొలది నిమిషములలోనే స్మృతి తప్పును. మెల్లమెల్లగా పోయినవాని దేహము మాత్రము ఆ గాలికి అలవడును. మొదట శ్వాస వేగమగును. దినములు గడచినకొలది మూత్రపిండములు రక్తములోని క్షారమును సవరించును. వారములు గడచిన పిమ్మట ఎఱ్ఱరక్తకణములు వృద్ధియగును. అందుచేత పగలు ఎత్తునకెక్కి, రాత్రి దిగివచ్చి నిద్రించుట ఆరోహకుల మర్యాద.

1953 మార్చి 10న ఆ బృందపు మొదటి భాగము ఖాట్మండు సమీపమునుండి కాలినడకన బయలుదేరెను. సుమారు 350 మంది కూలీలు బరువులు మోసిరి. రెండు వారములకు పైగా నడచి వారు చేరినది, సుమారు 12,700 అడుగుల ఎత్తుననున్న తెంగ్‌బోచే. బాల్యమున విడిచివచ్చిన విహారము చెంతనే టెన్సింగ్ ఇప్పుడు గుడారములు దింపించెను! అచట సుమారు మూడు వారములు వారు ఎవరెస్టును తాకలేదు. చిన్న బృందములుగా విడిపోయి, 20,000 అడుగుల వఱకు గల శిఖరములెక్కి, మరల దిగివచ్చి విశ్రమించిరి. ప్రాణవాయువు నింపిన సీసాలు వెంటనున్నను ఈ సాధనను విడువలేదు.

తరువాత ఖుంబూ హిమపాతమున ఎడ్మండ్ హిల్లరీ మంచు చీలికలో పడిపోగా టెన్సింగ్ త్రాటిని బిగించి ఆపెను. మే 29న ఉదయము 11 గంటల 30 నిమిషములకు ఇరువురును శిఖరముపై నిలిచిరి. అది టెన్సింగునకు ఏడవ యత్నము.

1954లో డార్జిలింగున స్థాపింపబడిన హిమాలయ పర్వతారోహణ సంస్థలో ఆయన తొలి క్షేత్రశిక్షణ సంచాలకుడయ్యెను. 1986 మే 9న పరమపదించెను. 2014లో పదమూడేండ్ల ప్రాయమున ఎవరెస్టునెక్కిన నిజామాబాదు జిల్లా బాలిక మాలావత్ పూర్ణయు ఆ సంస్థలో శిక్షణ పొందినదే.

నేను లెక్కలు వ్రాసి జీవించువాడను. లోకము టెన్సింగు ఆరు యాత్రలను ఖర్చు పద్దున వ్రాసినది. నాకు మాత్రమవి జమ పద్దున వ్రాయదగినవిగా తోచుచున్నవి. ఆయన చదువను వ్రాయను నేర్వలేదు. పర్వతమునే పదునెనిమిదేండ్లు గ్రంథమువలె పఠించెను. గురువు లేక ఈ గ్రంథాలయపు దీపము క్రింద కావ్యములను కూడబలుకుకొన్న నాకు, అర్థముకాని పద్యముకడ ఆగిపోయిన రాత్రులు పెక్కు గలవు. మరునాడు మరల ఆ పుటయే తెఱచితిని. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయపు తలుపు తెఱచియుండుటచేతనే అది సాధ్యమైనది. ఇచటికి వచ్చు బాలురు తమ రాళ్లసంచిని దింపకుందురు గాక!