గిజిగాళ్ళను గమనించిన సలీం అలీ

అమ్మకో నాన్నకో బదిలీ అయినప్పుడల్లా మనం స్నేహితులను వదిలి కొత్త క్వార్టర్‌కు వస్తాం. మొదటి నెల మనతో మాట్లాడేవాళ్ళే ఉండరు. డాక్టర్ సలీం అలీకి కూడా ఒకసారి, అదీ ఉద్యోగం పోయి, ఊరు మారవలసి వచ్చింది. అక్కడ ఆయన ఏం చేశారో మనకు తెలియాలి.

ఆయన 1896 నవంబరు 12న బొంబాయిలో పుట్టారు. పసితనంలోనే తల్లిదండ్రులు పోతే మేనమామ అమీరుద్దీన్ త్యాబ్జీ పెంచారు. చిన్నప్పుడు ఎయిర్‌గన్‌తో పిచ్చుకలను కొట్టడం ఆయనకు ఆట. తుపాకీతో మొదలైన కథ కావడం మాకు కొంచెం ఇబ్బందిగానే ఉంది. ఒకరోజు కొట్టిన పిచ్చుక గొంతు మీద పసుపు మచ్చ కనిపించింది. ఊరపిచ్చుకకు అలా ఉండదు. మేనమామ ఆ కుర్రాణ్ణి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి పంపారు. అక్కడి కార్యదర్శి మిల్లర్డ్ దొర కసరకుండా పిట్ట పేరు చెప్పి, అరలు తెరిచి, భద్రపరచిన పక్షులన్నీ చూపించారు.

తర్వాత బర్మాలో కొన్నాళ్ళు కుటుంబ వ్యాపారం, ఆ తర్వాత బొంబాయి మ్యూజియంలో సందర్శకులకు వివరించే ఉద్యోగం. సెలవు పెట్టి జర్మనీ వెళ్ళి పక్షిశాస్త్రం నేర్చుకుని 1930లో తిరిగి వచ్చేసరికి, నిధులు లేవని ఆ ఉద్యోగాన్నే తీసేశారు.

భార్య తెహ్మినాతో కలిసి సముద్రపు ఒడ్డునున్న కిహీం అనే పల్లెకు మారారు. అది వానాకాలం. ఇంటికి దగ్గరలోనే గిజిగాళ్ళు గూళ్ళు అల్లుతున్నాయి.

గిజిగాడు ఎవరికి తెలియదు? ఈతచెట్లకు, బావి మీదికి వాలిన తుమ్మ కొమ్మలకు వేలాడే గూళ్ళు అందరం చూసినవే. సలీం అలీ మాత్రం గంటల తరబడి కూర్చుని, ఏ గూడు ఎవరు కట్టారు, అందులో ఎవరు చేరారు అని రాసుకున్నారు. గూడు అల్లేది మగపక్షి. సగం కట్టి, రెక్కలాడిస్తూ పిలుస్తుంది. ఆడపక్షులు వచ్చి గూళ్ళు పరీక్షిస్తాయి. ఒకదానికి నచ్చితే అందులో చేరుతుంది, మగది మిగతా పని పూర్తిచేస్తుంది. ఆడది గుడ్లు పొదుగుతుంటే మగది ఇంకో గూడు మొదలుపెట్టి ఇంకో ఆడపక్షిని పిలుస్తుంది. ఎవరికీ నచ్చని గూడు సగంలోనే ఆగిపోతుంది. ఇదంతా ఎప్పటినుంచో అందరి కళ్ళ ముందు జరుగుతున్నదే! 1931లో ఈ పరిశీలన అచ్చయ్యాక ఆయన పేరు శాస్త్రవేత్తలకు తెలిసింది.

తెలుగువాళ్ళం కనుక ఒక మాట. ఆ వెంటనే ఆయన జీతం లేకుండా, ఖర్చులు మాత్రమే తీసుకుని, నిజాం రాజ్యంలోని పక్షులను సర్వే చేశారు. తెహ్మినా ఆయనతో అడవుల్లో తిరిగారు. 1939లో ఒక శస్త్రచికిత్స తర్వాత ఆమె మరణించారు. ఆయన పని ఆపలేదు. 1941లో భారతీయ పక్షుల మీద ఆయన పుస్తకం వచ్చింది. తర్వాత డిల్లన్ రిప్లీతో కలిసి 10 సంపుటాలు రాశారు. 1976లో పద్మవిభూషణ్ అందుకున్నారు. 1987 జూన్ 20న కన్నుమూశారు.

మా క్వార్టర్ల వెనక తుమ్మచెట్టుకు రెండు సగం గూళ్ళు వేలాడుతున్నాయి. ఇది చదివేదాకా, గాలికి చిరిగాయనుకున్నాం.