మీరేం పని చేస్తారని అడిగిన డాక్టరు

సీజన్‌లో తాడేపల్లిగూడెం రైస్‌మిల్లు పక్కనుంచి వెళ్లేటప్పుడు మీరేం చేస్తారు? చీర కొంగో, చేతిరుమాలో ముక్కుకు అడ్డం పెట్టుకుని గబగబా దాటిపోతారు. లోపల ధాన్యం పోసేవాళ్లు, తవుడు బస్తాలకెత్తేవాళ్లు, వాటిని మోసే హమాలీలు మాత్రం రోజంతా ఆ దుమ్ములోనే ఉంటారు. వాళ్లలో ఒకరికి నెలల తరబడి దగ్గు తగ్గలేదనుకోండి. ఆసుపత్రికి వెళితే బీడీ తాగుతారా, షుగర్ ఉందా, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉందా అని అడుగుతారు. ఏం పని చేస్తారన్న ప్రశ్న చాలాసార్లు రాదు. మనమూ చెప్పం.

ఆ ప్రశ్నను 300 ఏళ్ల కిందటే వైద్యంలోకి తెచ్చిన డాక్టరు బెర్నార్దినో రమజ్జీని. వృత్తి వ్యాధుల వైద్యానికి ఆయన్నే ఆద్యుడిగా చెబుతారు.

రమజ్జీని 1633లో ఉత్తర ఇటలీలోని కార్పి అనే చిన్న ఊళ్లో పుట్టారు. పార్మాలో వైద్యం చదివి 1659లో పట్టా పుచ్చుకున్నారు. రోమ్ వైపు పల్లెల్లో ప్రాక్టీసు పెడితే మలేరియా పట్టుకుంది. సొంతూరికి తిరిగొచ్చి కోలుకుని, తర్వాత మోడెనా నగరంలో స్థిరపడ్డారు. 1682లో అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడయ్యారు.

ఆయన దారి మళ్లింది సొంత ఇంట్లోనే. ఒకరోజు మరుగుదొడ్డి గుంత శుభ్రం చేయడానికి వచ్చిన మనిషి ఒకటే హడావుడిగా పని చేస్తున్నాడు. ఎందుకంత తొందరని అడిగితే, ఇందులో ఎక్కువసేపు ఉంటే కళ్లు పోతాయన్నాడు. పైకి వచ్చాక చూస్తే అతని కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి. మరొకరైతే నాలుగు డబ్బులు ఎక్కువిచ్చి పంపేసేవారు. రమజ్జీని అలాంటి పనివాళ్లను వెతికి వెతికి చూశారు. వాళ్ల జేబుల్లో రాగి, వెండి నాణేలు నల్లబడుతున్నాయి. చూపు పోయి వీధుల్లో అడుక్కుంటున్నవాళ్లూ వాళ్లలో ఉన్నారు.

ఆ తర్వాత ఆయన దొరల ఇళ్లకే పరిమితం కాలేదు. కుమ్మరుల దగ్గరికి, అద్దాలు చేసేవాళ్ల దగ్గరికి వెళ్లారు. పని జరిగేచోటే నిలబడి చూశారు. 1700లో నలభైకి పైగా వృత్తుల జబ్బులతో లాటిన్‌లో పుస్తకం వేశారు. రోగిని ఏమేం అడగాలో ప్రాచీన గ్రీకు వైద్యుడు హిపోక్రటిస్ చెప్పిన జాబితాకు, ఏం పని చేస్తారన్న ప్రశ్నను చేర్చారు.

ఆ పుస్తకంలో మన ఊళ్లు కనిపిస్తాయి. ధాన్యం జల్లించేవాళ్లకు, కొలిచేవాళ్లకు ఆయాసం వస్తుందని, వాళ్లలో ముసలితనం చూసేవాళ్లు అరుదని రాశారు. అది మన మిల్లుల సంగతే. నార దువ్వేవాళ్ల దగ్గు గురించి చదివితే ఏలూరు జూట్ మిల్లు గుర్తొస్తుంది. తడి బట్టల్లో గంటలకొద్దీ ఉండే జాలర్ల కష్టాలు చదివితే, కొల్లేటి చుట్టూ చేపల చెరువుల్లో తెల్లవారకముందే దిగి వల లాగేవాళ్లు గుర్తొస్తారు. 1713లో, ఎనభై ఏళ్ల వయసులో, పుస్తకాన్ని పెంచి మళ్లీ వేసినప్పుడు రోజంతా కూర్చుని రాసే గుమస్తాలనూ చేర్చారు. కంప్యూటర్ ముందు కూర్చునే మీ అబ్బాయి మెడనొప్పికి మూలం అక్కడే ఉంది.

ఇది పాత కథ కాదు. 2022 ఏప్రిల్‌లో ఏలూరు జిల్లా అక్కిరెడ్డిగూడెం రసాయన పరిశ్రమలో మంటలు లేచి ఆరుగురు చనిపోయారు. రాష్ట్రమంతా ఉలిక్కిపడింది. అలా ఉలిక్కిపడాల్సిందే. కానీ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2023 అంచనా చూడండి. ప్రపంచంలో పని కారణంగా ఏటా దాదాపు 30 లక్షల మంది చనిపోతుంటే, ప్రమాదాల్లో పోయేది సుమారు 3.3 లక్షల మంది. మిగతా 26 లక్షల మందినీ జబ్బులే తీసుకెళుతున్నాయి. మంట అందరికీ కనిపిస్తుంది, లెక్కకెక్కుతుంది. దగ్గు ఇంట్లో మంచం మీద ఉండిపోతుంది. పని పేరు చెప్పకపోతే అది ఏ లెక్కలోకీ రాదు.

అందుకే ఈసారి డాక్టరు అడగకపోయినా మీరే చెప్పండి. ఏం పని, ఎన్నేళ్లుగా, దుమ్ములోనా నీళ్లలోనా, సెలవు రోజుల్లో తేలికగా ఉంటుందా, పనిలోకి వెళ్లగానే మళ్లీ మొదలవుతుందా చెప్పండి. చెరువుల్లో దిగేవాళ్లకు జ్వరంతో పాటు పిక్కల నొప్పులు, కళ్లెరుపు ఉంటే మాత్రలు కొని సరిపెట్టవద్దు. అది ఎలుక జ్వరం కావచ్చు. త్వరగా గుర్తిస్తే యాంటీబయాటిక్స్‌తో తగ్గుతుంది, ఆలస్యమైతే కిడ్నీలు, కాలేయం దెబ్బతినవచ్చు. కాళ్ల మీద పుండ్లుంటే అవి మానేదాకా నీళ్లలో దిగకపోవడం మంచిది.

మీకే మిల్లో, చెరువో ఉంటే దుమ్ము లాగే ఫ్యాన్లు, సరైన మాస్కులు, బూట్లు, పనయ్యాక కడుక్కోవడానికి మంచినీళ్లు ఏర్పాటు చేయండి. మూతికి గుడ్డ కట్టుకుంటే సన్నటి దుమ్ము ఆగదు.

రమజ్జీనికి చివరి ఏళ్లలో చూపు బాగా తగ్గింది. అయినా పాఠం మానలేదు. 1714 నవంబరు 5న పాడువాలో, 81 ఏళ్ల వయసులో, పాఠం చెప్పడానికి సిద్ధమవుతుండగా పక్షవాతం వచ్చి కన్నుమూశారు. ఆయన ప్రశ్నకు ఖర్చు లేదు, స్కానింగ్ అక్కర్లేదు. ఇంట్లో కష్టపడి వచ్చేవాళ్లు దగ్గితే ముందుగా మనమే అడగవచ్చు.