కొడిసెపాల బెరడును పరీక్షకు నిలిపిన చోప్రా

జిగట విరేచనాలకు కొడిసెపాల బెరడు కషాయం తాగించడం మన పల్లెల్లో తరతరాల వాడుక. ఆయుర్వేద గ్రంథాలు చెప్పే కుటజం ఇదే. బెంగాల్‌లో దీనిని కుర్చి అంటారు. ఆ కషాయం రోగి పేగుల్లో నిజంగా ఏమి చేస్తుందో ప్రయోగశాలలో తేల్చేందుకు పూనుకున్నవారిలో అగ్రగణ్యులు సర్ రామ్‌నాథ్ చోప్రా.

1882 ఆగస్టు 17న, నేటి పాకిస్థాన్‌లోని గుజ్రన్‌వాలాలో ఆయన జన్మించారు. లాహోర్‌లో చదువుకుని, కేంబ్రిడ్జిలో ఔషధ శాస్త్రవేత్త వాల్టర్ డిక్సన్ వద్ద శిక్షణ పొందారు. 1908లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరి, మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో తూర్పు ఆఫ్రికాలో పనిచేశారు. 1921లో కలకత్తా ఉష్ణమండల వైద్య విద్యాలయంలో ఫార్మకాలజీ ఆచార్యులయ్యారు. ఆయన అసలు కృషి అక్కడే మొదలైంది.

అమీబా వల్ల కలిగే రక్త విరేచనాలకు అప్పట్లో ప్రధాన ఔషధం ఎమెటిన్. 1912లో ఇదే కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ దాని సూదిమందును ప్రచారంలోకి తెచ్చారు. అయితే దానికి మూలమైన ఇపికాక్ దక్షిణ అమెరికా మొక్క. పైగా మందు మోతాదు మించితే గుండెకు ముప్పు. పెరటి చెట్టు ఆ పని చేయగలిగితే పేదవాడికి అంతకన్నా కావలసిందేముంది? చోప్రా బృందం కొడిసెపాలలోని కోనెస్సిన్ వంటి ఆల్కలాయిడ్లను వేరుచేసి, జంతువులపైనా, అనంతరం ఆసుపత్రి రోగులపైనా పరిశీలించింది. అమీబాపై అవి పనిచేస్తున్నాయని, ఎమెటిన్ అంత విషపూరితం కావని గుర్తించింది.

ఇక్కడొక మెలిక ఉంది. రక్త విరేచనాలన్నీ ఒకటి కావు: కొన్నిటికి అమీబా కారణం, కొన్నిటికి బాక్టీరియా. సూక్ష్మదర్శిని కింద మలాన్ని పరీక్షించనిదే ఏది ఏదో తెలియదు. ఒకే కషాయం ఒకరికి గుణమిచ్చి మరొకరికి ఇవ్వకపోవడానికి ఇదే ప్రధాన హేతువు. ఇసబ్‌గోల్ గింజల విషయంలోనూ ఆయన ఇంతే నిక్కచ్చిగా వ్యవహరించారు. అవి క్రిములను చంపవు. వాటి జిగురు జీర్ణరసాలకూ పేగుల్లోని బాక్టీరియాకూ పెద్దగా లొంగక, పుండుపడిన పేగు గోడపై పొరలా పరచుకుని ఉపశమనమిస్తుంది. పొగడవలసినంతే పొగడటం, కాదనవలసింది కాదనడం అరుదైన గుణమే.

1933లో వెలువడిన ఆయన గ్రంథం ఇండిజినస్ డ్రగ్స్ ఆఫ్ ఇండియా స్వదేశీ మూలికలను వైద్య దృష్టితోపాటు ఆర్థిక దృష్టితోనూ చర్చించింది. దేశంలో పెరిగే మొక్కలుండగా పరాయి సరుకు ఎందుకన్నది ఆయన ప్రశ్న. సర్పగంధి రక్తపోటును తగ్గిస్తుందని ఆయన బృందం ప్రకటించినదీ ఆ ఏడాదే.

అంతకుముందు 1930-31లో ఔషధ విచారణ సంఘానికి ఆయన అధ్యక్షత వహించారు. కల్తీ క్వినైన్ వంటి మందులు బజారులో యథేచ్ఛగా అమ్ముడుపోతున్న రోజులవి. ఆ సంఘం సిఫార్సుల ఫలితమే 1940 నాటి ఔషధ చట్టం. 1946లో ఆరంభమైన దేశీయ వైద్య విధానాల సంఘానికీ ఆయనే అధ్యక్షులు. ఆయుర్వేదాన్నీ పాశ్చాత్య వైద్యాన్నీ సమన్వయపరచాలన్న 1948 నాటి ఆ నివేదిక మాత్రం పూర్తిగా అమలుకు నోచుకోలేదు. కలకత్తా కొలువు ముగిశాక జమ్మూలో ఔషధ పరిశోధన ప్రయోగశాలను ఆయన తీర్చిదిద్దారు. నేటి సీఎస్ఐఆర్ సంస్థ ఐఐఐఎంకు అదే పునాది.

1973 జూన్ 13న ఆయన కన్నుమూశారు. మాను పసుపులోని బెర్బెరిన్‌ను కూడా ఒకప్పుడు ఆయన పరిశోధించారు, కానీ చర్మవ్యాధి అయిన ఓరియంటల్ సోర్ చికిత్స కోసం. అదే పదార్థాన్ని 1960ల్లో మన దేశంలో కలరా రోగులపై పరీక్షించారు. 1987లో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన అధ్యయనంలో ఈ.కోలై విరేచనాల తీవ్రతను అది తగ్గించింది. కలరాలో మాత్రం ఫలితం స్వల్పమే.